పరిశోధన కూడా సదఖా-ఎ-జారియానే

మన మొహల్లాలో మోతియాబిందు ఆపరేషన్ల క్యాంపు పెడితే చందాకి పెద్దగా తిరగక్కర్లేదు. ఇవాళ పట్టీ, రేపు చూపు. సవాబ్ కళ్లెదుటే కనిపిస్తుంది. మాషా అల్లాహ్, ఆ ఖిద్మత్ సాగాలి.

కానీ రెటినైటిస్ పిగ్మెంటోసా అనే మర్జ్ ఒకటుంది. మొదట రేచీకటి. తర్వాత పక్కచూపు తగ్గుతూ తగ్గుతూ గొట్టంలోంచి చూసినట్టవుతుంది. కంటి వెనక రెటీనాలో కణాలు మెల్లగా చచ్చిపోతాయి. దీనికి క్యాంపు లేదు, చష్మా లేదు. 80కి పైగా జన్యువుల్లో ఏది చెడినా రావచ్చు. వాటిలో ఒక్క ఆర్‌పీఈ65 లోపానికి 2017లో అమెరికా ఒక జన్యు చికిత్సను మంజూరు చేసింది. పేరు లక్స్‌టర్నా. అక్కడ రెండు కళ్లకి పెట్టిన ధర 8.5 లక్షల డాలర్లు!

మనకెందుకీ గోల అంటారా? ఖాలా కూతురు, మామూ కొడుకు అంటూ ఇంట్లోనే రిష్తాలు కలుపుకునే ఖాందాన్లు మనలో ఎన్నో. అలాంటి మియాబీవీలిద్దరిలోనూ ఒకే జన్యులోపం దాగి ఉండే అవకాశం ఎక్కువ. వాళ్ల చూపు బాగానే ఉంటుంది, జబ్బు పిల్లలకొస్తుంది. మేనరికాలు చేసుకునే మన హిందూ పడోసీలదీ ఇదే కథ. మనమేమో నసీబ్ అనుకుని ఊరుకుంటాం.

హైదరాబాద్‌లోనే ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఈ జన్యువుల మీద పరిశోధన జరుగుతోంది. ఫలితం మన హయాత్‌లో రాకపోవచ్చు. బావి తవ్వించినవాళ్లంతా ఆ నీళ్లు తాగారా? జకాత్ దాని హఖ్‌దార్లకే చేరనివ్వండి. నేనడిగేది సదఖాలో కొంత హిస్సా ఇలాంటి పరిశోధనకు. ఇంట్లో ఈ జబ్బుంటే, రిష్తాలు రావన్న భయంతో దాచకండి. డాక్టరుకి ఖాందాన్ షజ్రా చెప్పండి, జన్యు పరీక్షకి రక్తమివ్వండి. అది కూడా చందాయే.