ముందు కీళ్లు, తర్వాతే కీలు

ఇరవై ఏళ్లు దాటాక సంగీతం నేర్చుకుంటానంటే మనవాళ్లు రెండు మాటలంటారు. ఒకటి, "ఇప్పుడు అవసరమా?" రెండోది, "సరే, మొదలుపెడితే మాత్రం మంచి కీబోర్డుతోనే మొదలుపెట్టు." మొదటి మాట నన్నేమీ చెయ్యలేకపోయింది. ఆరు నెలలు వెనక్కి లాగింది రెండోదే.

ముందు నా సంగతి చెప్పాలి. పుట్టేటప్పుడు కాన్పు కష్టమై నా ఎడమ భుజం దగ్గరి నరాలు దెబ్బతిన్నాయి. ఎర్బ్స్ పాల్సీ అంటారు. వేళ్లు కదులుతాయి కానీ బలం తక్కువ. చెయ్యి పక్కకి ఎక్కువ లేవదు, మోచెయ్యి పూర్తిగా చాపలేను. కుడి చెయ్యి నిక్షేపంగా ఉంది. ల్యాబ్‌లో సోల్డరింగ్ నేనే చేసుకుంటాను, జడ మాత్రం రూమ్మేట్ వేస్తుంది.

సెకండియర్ సెలవుల్లో కీబోర్డు నేర్చుకోవాలనిపించింది. తెలిసినవాళ్లందరినీ అడిగాను. అందరిదీ ఒకటే పాట: 88 కీలుండాలి, వెయిటెడ్ కీలుండాలి, లేకపోతే అది ఆటబొమ్మ. నాన్న ఎక్కడో వాకబు చేసి ఒక సెకండ్ హ్యాండ్ డిజిటల్ పియానో తెచ్చారు. దాదాపు 12 కేజీలుంటుంది. రెండంతస్తులు మోసుకొచ్చి, ఆయాసపడుతూనే పక్కింటి ఆంటీతో "మా అమ్మాయి పియానో నేర్చుకుంటోందండీ" అన్నారు. ఆ మొహం చూశాక ఇంకేం మాట్లాడతాం?

అయిదు నిమిషాలు వాయిస్తే భుజం లాగేది. పది నిమిషాలకి వేళ్లు మొద్దుబారేవి. రాత్రి ఎడమవైపు తిరిగి పడుకోలేకపోయేదాన్ని. నాన్నకి చెప్పలేదు, ఇంటర్నల్స్ ఉన్నాయని తప్పించుకునేదాన్ని. లోపల మాత్రం "నాకు సంగీతం రాదు" అని తీర్పు ఇచ్చేసుకున్నాను.

చివరికి నిజం బయటపడింది ఫిజియోథెరపీ దగ్గర. నొప్పి ఎందుకు పెరిగిందో చెప్పక తప్పలేదు. ఆవిడ తిట్టలేదు. "ఎంత ఎత్తులో పెట్టి వాయిస్తున్నావమ్మా?" అని మాత్రం అడిగారు. ఇంటికెళ్లి టేపు పెట్టి కొలిచాను. డైనింగ్ టేబుల్ 75 సెంటీమీటర్లు, దాని మీద పియానో మందం. కీల దగ్గరికొచ్చేసరికి 85 దాటింది. కుర్చీలో కూర్చుంటే నా మోచెయ్యి 65 దగ్గరుంటుంది. అంటే ఏ భుజం అయితే లేవదో, ఆ భుజాన్నే రోజూ ఎత్తి పట్టుకుని పాఠం చదువుతున్నానన్నమాట! కీల గురించి ఇంతమంది ఇన్ని చెప్పారు కదా, నా కీళ్ల గురించి అడిగింది ఆవిడొక్కరే.

నా అభిప్రాయం ఇదే. ఒంట్లో ఏదైనా ఇబ్బంది ఉన్నవాళ్లు కీబోర్డు కొనేటప్పుడు మొదట చూడాల్సింది బడ్జెటూ కాదు, బ్రాండూ కాదు. ఎక్కడ నొప్పి, ఎంతసేపటికి నొప్పి, చెయ్యి ఎంతవరకు అందుతుంది, ఈ మూడూ చూసుకోవాలి. డిజేబిలిటీ సర్టిఫికెట్ మీద శాతం ఉంటుంది. 40 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ప్రభుత్వ లెక్కలో ఒక వరుసలోకి వస్తాం. ఎడమ చిటికెన వేలు ఎంతసేపు కీ నొక్కి ఉంచగలదో ఆ శాతం చెప్పదు. అది మనమే కొలుచుకోవాలి.

కొలవడం మనకి రాదా ఏంటి, ఇంజనీరింగ్ వాళ్లం! 88 కీల పియానో 120 సెంటీమీటర్లు దాటి ఉంటుంది. ఎడమ చివరి కీలు నాకు అందాలంటే మనిషినే పక్కకి జరగాలి. పోనీ అవి అవసరమా అంటే, మన పాటకి మంద్ర, మధ్య, తార స్థాయిలు చాలు. స్థాయికి 12 స్వరస్థానాల చొప్పున మూడు స్థాయిలకి 36, పై షడ్జం కలిపితే 37 కీలు. సినిమా పాటల పల్లవి, చరణం మామూలుగా అంత కూడా దాటవు. 61 కీలుంటే అయిదు స్థాయిలు. నాలాంటి బిగినర్‌కి అది సముద్రం.

ఇక బరువు సంగతి. మామూలు పియానో కీ కిందికి దిగాలంటే సుమారు 50 గ్రాములు కావాలి. పది రూపాయల నాణెం సుమారు 7.7 గ్రాములు. షాపులో ఆరేడు నాణేలు కీ అంచున పేర్చి చూశాను. ఓనరుగారు నన్ను వింతగా చూశారు, చూడనివ్వండి. తమాషా ఏంటంటే, నాణేల లెక్కలో తేలిక కీబోర్డుకీ వెయిటెడ్ దానికీ మరీ పెద్ద తేడా కనపడకపోవచ్చు. తేడా తెలిసేది వేగంగా వాయించినప్పుడు. వెయిటెడ్ కీ వెనకాల చిన్న సుత్తి లాంటి బరువు ఉంటుంది, ప్రతిసారీ దాన్ని కదలించాలి. స్టాటిక్ లోడు వేరు, ఇనర్షియా వేరు. ఫస్టియర్‌లో చదివాం, మర్చిపోయాం. అందుకే రెండు నిమిషాలు మీటి "బాగుంది" అనకండి. ఒకే పాట పావుగంట వాయించండి. వీలైతే ఇంటికొచ్చి, మర్నాడు ఒళ్లు ఏమంటుందో విన్నాక కొనండి.

టచ్ సెన్సిటివిటీ ఉండాల్సిందే అని కూడా అంటారు. గట్టిగా నొక్కితే గట్టిగా, మెల్లగా నొక్కితే మెల్లగా పలుకుతుంది. నిజమే, అందమైనదే. నా ఎడమ చేతికి మాత్రం అది శిక్ష. కుడి చెయ్యి పాట పాడుతుంటే ఎడమ చెయ్యి గొణుగుతుంది. ఆ సెట్టింగ్ ఆఫ్ చేసే వీలున్న కీబోర్డు తీసుకుంటే రెండు చేతులూ సమానంగా పలుకుతాయి. ఒక్క వేలితో మొత్తం కార్డ్ పలికించే ఏర్పాటు కూడా చాలా కీబోర్డుల్లో ఉంటుంది. ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంటే వేళ్లు తెలిసిన చోటే ఉంటాయి, పాడేవాళ్లు అయిదున్నర శ్రుతి అన్నా బెంగలేదు. దీన్ని "చీటింగ్" అన్న ఫ్రెండ్ ఒకడున్నాడు. వాడికి కళ్లజోడు ఉంది. ఇంకేం అనలేదు నేను.

ఆ మాటకొస్తే మన చేతి హార్మోనియం చూడండి. ఒక చెయ్యి గాలి కొడుతుంది, రెండో చెయ్యే మెట్ల మీద వాయిస్తుంది. తెల్లవార్లూ జనాన్ని కూర్చోబెట్టిన ఆ సంగీతాన్ని ఒంటిచేతి సంగీతం అని ఎవరైనా తక్కువ చేశారా?

నాకు తరచూ వాట్సాప్‌లో వచ్చే కథ ఒకటుంది. పాల్ విట్‌గెన్‌స్టైన్ అనే పియానిస్టు మొదటి ప్రపంచ యుద్ధంలో కుడి చెయ్యి పోగొట్టుకుని కూడా కచేరీలు చేశాడని. "చూడు, సంకల్పం ఉంటే చాలు" అని కింద రాస్తారు. సంకల్పం సరే. ఆయన కోసం రావెల్ అనే స్వరకర్త ఎడమ చేతికి మాత్రమే ఒక కన్చెర్టో రాశాడు, 1932లో వియన్నాలో దాన్ని మొదటిసారి వాయించారు. అక్కడ ఆ చేతికి తగ్గట్టు సంగీతమే మారింది. ఈ సగం కథ మాత్రం ఫార్వర్డ్ కాదు.

అవతలివాళ్ల మాటలోనూ నిజం ఉంది, ఒప్పుకుంటాను. పాశ్చాత్య శాస్త్రీయ పియానోలో పైస్థాయికి వెళ్లాలనుకునేవాళ్లకి 88 వెయిటెడ్ కీలు కావాలి. నా కొలతలు అందరికీ సరిపోవు కూడా. చెయ్యి వణికేవాళ్లకి మినీ కీలు ఇంకా కష్టం, ఒకటి నొక్కబోతే రెండు పడతాయి. అదే వేళ్లు చాచలేనివాళ్లకి మినీ కీలే సుఖం. వీల్‌ఛెయిర్‌లో ఉన్నవాళ్లకి ఎక్స్ ఆకారం స్టాండు మోకాళ్లకి అడ్డం, టేబుల్ లాంటి స్టాండు కావాలి. అందుకే "ఏది మంచి కీబోర్డు" అన్న ప్రశ్నకి జవాబు లేదు. "ఎవరికి?" అని తిరిగి అడగాలి.

ఇప్పుడు నా దగ్గర 61 కీల తేలిక కీబోర్డు ఉంది. మూడున్నర కేజీల లోపే. ఒడిలోకి వచ్చేంత కిందికి దించిన స్టాండు మీద, కొంచెం ఎడమకి జరిపి పెట్టుకుంటాను. కాలి పెడల్ బదులు ఒక పుష్ బటన్ కుడి మోకాలి దగ్గర బిగించాను. మామూలు సస్టెయిన్ పెడల్ అంటే లోపల ఉండేది ఒక స్విచ్చే. 6.35 మిల్లీమీటర్ల జాక్, రెండు వైర్లు, అంతే. నార్మల్లీ ఓపెనా, క్లోజ్డా అన్నది కంపెనీని బట్టి మారుతుంది, అదొక్కటి చూసుకోవాలి. రోజూ ఇరవై నిమిషాలు వాయిస్తున్నాను. మధ్యలో ఒకసారి ఆపి చెయ్యి దించుతాను.

పాత పియానో అమ్మేసిన రోజు నాన్నకి మొత్తం చెప్పాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "నేనైనా అడగాల్సింది తల్లీ" అన్నారు. ఆయన తప్పేం లేదు. మంచిది కొనాలనుకున్నారు. ఎవరికి మంచిదో అడగడం మనకెవరికీ అలవాటు లేదు, అంతే.

అందుకే మన మ్యూజిక్ క్లబ్‌కి ఒక చిన్న మనవి. క్లబ్ గదిలో కీబోర్డు స్టాండు నిలబడి వాయించే ఎత్తులో ఉంది, స్క్రూ తుప్పు పట్టి కిందికి దిగదు. కొత్త కీబోర్డు అడగడం లేదు. ఆ స్క్రూ మార్చండి చాలు. వర్క్‌షాప్ మన పక్క బ్లాకులోనే ఉంది, కావాలంటే స్పానర్ పట్టుకుని నేనే వస్తాను. వచ్చే ఏడాది ఫస్టియర్‌లో నాలాంటి వాళ్లెవరైనా ఆ గదిలోకి తొంగి చూసి, "ఇది మనకి కాదులే" అని వెనక్కి తిరక్కూడదు.