అమ్మ మిగిల్చిన 57 రూపాయలు

ఏప్రిల్ కరెంటు బిల్లుని అన్నాల దగ్గర చదవడం నేను చేసిన పొరపాటు. "430 యూనిట్లు! ఇంట్లో ఏమన్నా రైసు మిల్లు నడుపుతున్నామా?" అని మావారి మీద అరిచాను. ఏసీ 18లో పెట్టుకుని, ఆ చలికి తట్టుకోలేక రగ్గు కప్పుకుని పడుకునే మా సుపుత్రుడి మీద ఇంకాస్త గట్టిగా అరిచాను. పెరుగన్నం కలుపుకుంటున్న అమ్మ తలెత్తలేదు. ఆ అరుపుల్లో ఒక్కటీ తనని అన్నది కాదని ఆవిడకి చెప్పాలన్న ఆలోచనే నాకు రాలేదు.

అమ్మకి 76 ఏళ్లు. నాన్న పోయాక తెనాలిలో ఒక్కతే ఎందుకని ఈ వేసవికి మా దగ్గరికి తీసుకొచ్చాం. మేముండేది మల్కాజిగిరిలో, అపార్ట్‌మెంట్ చిట్టచివరి అంతస్తు. కొన్నప్పుడు "గాలీ వెలుతురూ బ్రహ్మాండం" అని మురిసిపోయాం. మే నెలలో ఆ స్లాబు పొద్దుటి నుంచీ కాగి కాగి, రాత్రి పదయ్యాక కూడా పెనంలా సెగలు కక్కుతుంది. అందుకే ఆఫీసుకి వెళ్తూ రోజూ చెప్పేదాన్ని, "మధ్యాహ్నం ఏసీ వేసుకో అమ్మా" అని. "సరేలేవే" అనేది.

మే మొదటి వారంలో ఓ రోజు ఆరింటికి ఇంటికొచ్చాను. మావాడి గదిలో అమ్మ మంచం మీద లేదు, కింద గచ్చు మీద పడుకుని ఉంది. ఫ్యాను అయిదులో తిరుగుతోంది. ఏసీ ఆపేసి ఉంది. ఒళ్లు ముట్టుకుంటే కాలిపోతోంది. పిలిస్తే కళ్లు తెరిచి మా పిన్ని పేరుతో నన్ను పిలిచింది. "పాలవాడు వచ్చి వెళ్లాడా?" అంది. ఆ క్షణం నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఎదురు ఫ్లాటు వాళ్లు కుర్చీలో కూర్చోబెట్టి లిఫ్టులో కిందికి దింపారు.

వడదెబ్బ ముదరకముందే తెచ్చారన్నారు డాక్టరు గారు. నీడలో, ఇంట్లోనే ఉన్నావిడకి వడదెబ్బేంటండీ అని అడిగాను. గది వేడి 40 దాకా వస్తే ఫ్యాను చలవ చెయ్యదట, ఆ వేడినే ఒంటి మీదకి తోస్తుందట. పైగా పెద్దవాళ్లకి దాహం సరిగ్గా తెలియదు. అమ్మ వేసుకునే బీపీ మాత్రల్లో ఒకటి ఒంట్లో నీటిని బయటికి పంపేది. మాటిమాటికీ బాత్రూముకి లేవాల్సొస్తుందని ఈవిడ మంచినీళ్లు తాగడమే తగ్గించేసింది. అన్నీ కలిశాయి. రెండు సెలైన్లు ఎక్కించి, రాత్రికి ఉంచుకుని పంపారు. బిల్లు 6,800.

మర్నాడు మెల్లిగా అడిగాను, ఏసీ ఎందుకు ఆపావని. "నా ఒక్కదానికీ అంత గదికి ఏసీ ఎందుకే, దండగ. నువ్వు బిల్లు చూసి అంత బాధపడ్డావు కదా" అంది.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. ఆరు గంటలు, గంటకి ఒక యూనిట్ అనే అనుకుందాం. 400 దాటాక యూనిట్ 9.50. అమ్మ నా కోసం మిగిల్చింది 57 రూపాయలు.

ఇంత గోల చేసిన నాకు ఆ 430 యూనిట్లు ఎక్కడికి పోయాయో తెలుసా అంటే, తెలీదు. తెలిసిన మనిషి మా ఇంట్లో పనిచేసే ఆవిడ. వాళ్లకి గృహజ్యోతిలో జీరో బిల్లు వస్తుంది. నెలకి 200 యూనిట్లు దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టుకోవాల్సిందే. అందుకే ఆ ఇంట్లో 200 అంటే లక్ష్మణరేఖ. "మీరు నెలకోసారి బిల్లు చూస్తరమ్మా. మేం దినాం మీటరు చూస్తం" అంది గిన్నెలు తోముతూ. పదేళ్లుగా ఈ అపార్ట్‌మెంటులో ఉంటూ, పార్కింగులో ఉన్న మీటర్ల వరసలో మాదేదో ఆవిడని తోడు తీసుకెళ్లి వెతుక్కున్నాను.

మీటరు మీద ఓ ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటూ ఉంటుంది. మా దాని మీద 3200 అని రాసి ఉంది. అన్నిసార్లు మిణుకుమంటే ఒక యూనిట్ అన్నమాట (మీ మీటరు మీద వేరే అంకె ఉండొచ్చు). ఓ ఆదివారం మావాణ్ని కింద నిలబెట్టి, నేను పైన ఒక్కొక్క స్విచ్చీ ఆపుతూ ఫోన్లో "ఇప్పుడు చూడు" అంటూ గంటసేపు ఆడాం. ఇంట్లో మెలకువగా ఏదీ లేనప్పుడు కూడా ఆ లైటు ఆగలేదు. ఫ్రిజ్ సరే, దానికి తప్పదు. టీవీ సెట్‌టాప్ బాక్సు ఒకటి. అసలు దొంగ హాల్లో మూలన కూర్చున్న ఇన్వర్టర్. బ్యాటరీ ముసలిదైపోయి, ఎంత తాగినా నిండక రోజంతా కరెంటు తాగుతూనే ఉంది. రెండో దొంగ గీజర్. మండుటెండలకి ట్యాంకు నీళ్లే ఒళ్లు చుర్రుమనేలా వస్తుంటే, మావారు మాత్రం జనవరి అలవాటు కొద్దీ పొద్దున్నే దాని స్విచ్చి నొక్కుతున్నారు. ఆయన్ని అడిగితే "అవునా?" అన్నారు. అంతే.

ఇక బిల్లు సంగతి. ఫిబ్రవరిలో మా వాడకం 190 యూనిట్లు, యూనిట్ల చార్జీ 772 రూపాయలు. ఏప్రిల్లో 430కి 2,975. వాడకం రెండింతల పైచిలుకు, డబ్బు నాలుగింతలకి దగ్గర. ఎందుకంటే తెలంగాణలో 100 దాటి 200 లోపు వాడినవాళ్లకి మొదటి వంద 3.40, రెండో వంద 4.80. 200 దాటారో, ఆ మొదటి 200 కూడా 5.10 అయిపోతాయి. ఆపైన 300 దాకా 7.70, 400 దాకా 9, ఆ తర్వాత 800 దాకా 9.50. అంటే 200 దగ్గర ఆగితే 820, ఒక్కటంటే ఒక్క యూనిట్ ఎక్కువైతే దాదాపు 1,028. ఆ ఒక్క యూనిట్ ఖరీదు దాదాపు 208 రూపాయలు! ఫిబ్రవరి, మార్చి నెలల్లో 190లు, 195ల్లో ఉండేవాళ్లు కాస్త మీటరు వైపు చూడండి. మేలో ఏసీ ఉన్న ఇళ్లకి ఆ గీత ఎలాగూ దాటిపోతుంది, దాని కోసం బెంగెట్టుకుని లాభం లేదు.

మావాడితో యుద్ధం మాత్రం రెండు రోజులు సాగింది. 18లో పెడితే గది తొందరగా చల్లబడుతుందని వాడి సిద్ధాంతం. 24లో పెట్టినా 18లో పెట్టినా గది 24కి రావడానికి పట్టే టైము దాదాపు ఒకటే. 18 అంటే ఆగమన్నచోట ఆగకుండా కంప్రెసర్ తిరుగుతూనే ఉంటుంది, అంతే తేడా. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఏసీలు ఆన్ చెయ్యగానే 24 దగ్గర మొదలవ్వాలన్న రూలు పెట్టింది ఇందుకే. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు తగ్గుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వాళ్ల లెక్క. చివరికి 25, మీద ఫ్యాను రెండులో, దగ్గర రాజీ కుదిరింది. రగ్గు అటకెక్కింది. ఫిల్టర్ విప్పి కడిగితే వచ్చిన దుమ్ముతో ఓ చిన్న కుండీ నిండేది.

స్లాబు మీద సున్నం వేయిద్దామంటే అసోసియేషన్ ప్రెసిడెంటు గారు "టెర్రస్ అందరిదీ కదమ్మా" అన్నారు. ఎండ మాత్రం మా ఒక్కరిదేనా అంకుల్ అన్నాను. మా ఫ్లాటు మేరకి ఒప్పుకున్నారు. సున్నంలో ఫెవికాల్ కలిపి రెండు కోటింగులు. ఏసీ లేని హాల్లో రాత్రి ఎనిమిదింటికి కూర్చోగలుగుతున్నాం. అదే హాల్లోకి కూలర్ కొందామంటే అమ్మ వద్దంది, "ఒళ్లంతా జిడ్డు" అని. తెనాలి చెమట ఎండకి కూలర్ నిజంగానే పనికిరాదు, గాల్లోనే తడి ఉంటే నీళ్లెలా ఆరతాయి? హైదరాబాదు పొడి ఎండకి కిటికీ తీసి పెడితే బాగా పనిచేస్తుంది, ఖర్చు ఏసీలో ఐదో వంతు కూడా ఉండదు. ఇంకా నమ్మలేదు. వచ్చే ఏడు చూడాలి.

మే బిల్లు వచ్చింది. 351 యూనిట్లు, 2,249 రూపాయలు. అమ్మ ఏసీ మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా 27లో రోజూ నడిచాక వచ్చిన బిల్లు ఇది. ఈసారి దాన్ని అన్నాల దగ్గర చదవలేదు, అమ్మ చేతికిచ్చాను. పాలలెక్క రాసే పుస్తకంలో రోజు రోజుకీ రీడింగు రాస్తున్నది ఆవిడే. సాయంత్రం చల్లబడ్డాక మనవణ్ని తీసుకుని లిఫ్టులో కిందికి దిగుతుంది. నిన్న నేను ఇంటికొచ్చేసరికి చేతిలో నీళ్ల సీసాతో మీటరు దగ్గర నిలబడి ఉంది.

"ఇవాళ పదకొండున్నరే" అంది. "నేను నాలుగున్నర దాకా వేసుకున్నా. మరి మీ ఆయన మళ్లీ గీజర్ వేశాడు, కనుక్కో."