చేతులు కాలాకే నిబంధనలా?

1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ వద్ద సౌదీ, కజకిస్తాన్ విమానాలు ఆకాశంలో ఢీకొన్నాయి. 349 మంది మరణించారు. 15 వేల అడుగుల ఎత్తున ఉండవలసిన కజక్ విమానం అంతకంటే కిందికి దిగడమే కారణం.

ఎదురు వచ్చే విమానాన్ని ముందే పసిగట్టి పైలట్‌ను హెచ్చరించే 'టీకాస్' పరికరం ఆ రెండింటిలోనూ లేదు. అలాగని అది అప్పటికి దొరకని వస్తువేమీ కాదు. 1986లో కాలిఫోర్నియాలోని సెరిటోస్‌లో 82 మంది బలయ్యాక, అమెరికా 1987లోనే చట్టం చేసింది. 1993 ఆఖరుకల్లా పెద్ద ప్రయాణికుల విమానాలన్నింటికీ బిగింపజేసింది. మన దేశంలో మాత్రం దాద్రీ తర్వాతే అది తప్పనిసరి అయింది.

బిగించినంత మాత్రాన చాలదు. 2002 జులై 1న జర్మనీలోని ఉబర్లింగెన్ వద్ద పరికరం 'పైకి' అంటే, నేలమీది కంట్రోలర్ 'కిందికి' అన్నాడు. రష్యన్ పైలట్లు కంట్రోలర్ మాటే విన్నారు. 71 మంది చనిపోయారు. అందులో ఎక్కువమంది పిల్లలు. పరికరం మాటే పాటించాలన్న అంతర్జాతీయ నిబంధన ఆ తర్వాతే స్పష్టమయింది.

2025 జనవరి 29న వాషింగ్టన్‌లో సైనిక హెలికాప్టర్, విమానం ఢీకొని 67 మంది పోయారు. సుమారు వెయ్యి అడుగుల లోపు ఎత్తులో టీకాస్ తప్పించుకునే దారి చెప్పదు. ఈ లోటు ఎప్పటినుంచో తెలిసినదే.

ఖర్చు లెక్కలు చూసుకునే కంపెనీలు తమంతట తాము ముందుకు రావు. శాసించవలసింది ప్రభుత్వాలే. శవాల లెక్క తేలాక కాదు, లోటు తెలిసిన నాడే నిబంధన రావాలి.