క-భాష దాటి చూద్దాం

చిన్నప్పుడు పెద్దవాళ్ళకు తెలియకుండా మనమంతా ‘క-భాష’ మాట్లాడినవాళ్ళమే. ‘నేను రాను’ అనాలంటే ‘కనేకను కరాకను’! ఎంత మార్చినా అది ముసుగేసిన తెలుగే. ఒక్క భాషే తెలిసినవాడు కొత్త భాష కల్పించబోతే ఇంతకంటే దూరం పోలేడని నా అభిప్రాయం.

2015లో ‘బాహుబలి’ కాలకేయుల కోసం కిలికి భాషను సృష్టించిన మదన్ కార్కీ తమిళ సినీకవి. ‘నేను’కు ‘మిన్’ అని పెట్టి, దాన్నే తిరగేసి ‘నువ్వు’కు ‘నిమ్’ అన్నారు.

నెల్లూరు నుంచి తీరం వెంబడి తడ దాకా పోతే తెలుగుతోపాటు తమిళమూ వినిపిస్తుంది. క, గ రెంటికీ ఒకే అక్షరంతో సరిపెట్టుకునే భాష అది. ‘ఇలా కూడా ఉండొచ్చా!’ అనే ఆశ్చర్యంలోనే కొత్త భాషకు బీజం ఉంది. మనమేమో ‘అరవ గోల’ అని వెక్కిరిస్తున్నాం.

మిత్రులారా, భాష పుట్టించే సరదా ఉంటే ముందు పక్కబెంచీ వాడి భాష నేర్చుకుందాం.