తెల్లారుజామున రేట్లు పెట్టం

రేట్ల పట్టీ తెల్లారుజామున 4 గంటలకే పెట్టండి అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. గూళ్ళు బండికెత్తి బయలుదేరినాక నిన్నటి రేటు తెలిస్తే క్రాస్ దగ్గర ఎటు తిరగాలో తేల్చుకోవచ్చు కదా అని. శిడ్లఘట్టకా, రామనగరానికా, హోసూరు పక్కవాళ్ళయితే అక్కడే అమ్మాలా, కర్ణాటకకు దాటాలా అని. అడిగేది న్యాయమే. అయినా పెట్టం. పట్టీ ముందురోజు సాయంత్రం 7కు వస్తుంది. ఆ తర్వాత పొద్దున 10 దాకా ఈ గ్రూపులో ఏమీ రాదు. ఎందుకో చెబుతాం.

ఆ వేళ బండి తోలే మనిషి ఎవరు? పదిరోజులుగా సరిగా నిద్రలేనివాడు. నాలుగో జ్వరం లేచినప్పటినుంచి మన ఇళ్ళల్లో రాత్రికీ పగటికీ తేడా ఉండదు. పురుగు తన జన్మలో తినే ఆకులో నూటికి 80 వంతులకు పైగా ఆ ఒక్క దశలోనే తింటుంది. కొమ్మలు కోయాలి, మోయాలి, రాత్రి పడుకోబోయే ముందు ఒక మేత, కోడి కూయకముందే ఇంకో మేత. మధ్యలో చీమలు, ఎలుకలు, కరెంటు. పండిన పురుగును ఏరి చంద్రికలకెక్కించే రోజు ఇంటిల్లిపాదీ కాళ్ళమీదే. గూడు విడిపించే రోజూ అంతే. పైనూగు తీసి, జంట గూళ్ళు, మచ్చ గూళ్ళు ఏరి, సంచులకెత్తేసరికి అర్ధరాత్రి. రెండు గంటలు నడుం వాల్చి 3కు లేచి బండి తీస్తాం.

అట్లాంటి మనిషి జేబులో ఫోన్ టింగుమంటుంది. రేటేమో అని చెయ్యి దానంతటదే పోతుంది. 40 కిలోమీటర్ల స్పీడులో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. మూడు సెకన్లు ఫోన్ చూస్తే 33 మీటర్లు కళ్ళు మూసుకుని తోలినట్టే. పైగా మన పట్టీ మూడు సెకన్లలో అయ్యేదా? ఒక్కో మార్కెట్టుకు తక్కువ రేటు, ఎక్కువ రేటు, సరాసరి. ఆ దూరంలో ఏముంటాయో మనకు తెలియనిదా! సున్నం గీత చెరిగిపోయిన హంప్, వెనక లైటు లేని ట్రాక్టర్, క్యాను పట్టుకుని డెయిరీకి నడిచే ముసలాయన. బైకు మీద రెండు పక్కలా, వెనకా సంచులుంటే అద్దాల్లో ఏమీ కనిపించదు. గూళ్ళు బరువు తక్కువే గానీ సంచులు పెద్దవి, లారీ పక్కనుంచి పోతే ఆ గాలికే బండి ఊగుతుంది.

చెవిలో పెట్టుకుని మాట్లాడితే చేతులు ఖాళీయే కదా అంటారు కొందరు. చేతులు ఖాళీయే, బుద్ధి మాత్రం మార్కెట్టులో ఉంటుంది.

రాత్రిపూట పోవద్దని మేము అనడం లేదు. గూట్లో ఉండేది ప్రాణమున్న పురుగు. ఎండలో సంచి కుక్కి తీసుకుపోతే వేడికీ చెమ్మకూ గూడు పాడవుతుంది, చల్లని వేళలో పోవడమే సరి. అయితే ఆ నిద్రను ఇంకెక్కడో తెచ్చుకోవాలి. పురుగు చంద్రికకెక్కినాక ఐదారు రోజులు మేత లేదు. మనమేం చేస్తాం? మరుసటి రోజే కత్తి పట్టుకుని తోటలోకి పోతాం, షెడ్డు ఊడుస్తాం. తోట రెండు రోజులు ఆగుతుంది అన్నా, ఏమీ కాదు. ఆ రెండు రాత్రులు పడుకోండి. గూడు విడిపించేది ముందురోజు పొద్దున్నే మొదలుపెడితే సాయంత్రానికి సంచులు కట్టేయొచ్చు. రెండు మూడు ఇళ్ళవాళ్ళు కలిసి లగేజ్ ఆటో మాట్లాడుకుంటే ఇంకా మేలు. ఆ డ్రైవరు కూడా నాలుగు ఊళ్ళు తిరిగి వచ్చుంటాడు. నిద్రపోయినావా అని అడగండి. బాడుగ ఇచ్చేది మనమే.

రేటు సంగతికొద్దాం. రెండు మార్కెట్ల మధ్య కిలోకు 15 రూపాయల తేడా ఉందనుకుందాం. 70 కిలోల లాట్‌కు 1,050 రూపాయలు. అదీ నిన్న ఎవరి గూళ్ళకో పలికిన రేటు. మన లాట్‌కు రేటు కట్టేది రీలర్లు దాన్ని చూసినాకే. ఫోన్ చేతిలో పట్టుకుని బండి తోలితే 2019లో సవరించిన చట్టం ప్రకారం మొదటిసారికే 1,000 నుంచి 5,000 దాకా జరిమానా వేయొచ్చు, జైలుకూ పంపొచ్చు. అదీ పోనీ. కాలు విరిగి మూడు నెలలు మంచాన పడితే కొమ్మలు కోసేదెవరు? రెండు పంటలు పోతాయి, చాకీకిచ్చిన అడ్వాన్సు కూడా.

ఇళ్ళల్లో ఉండే అక్కలకు ఒక మాట. ఎంతదూరం పోయినావు అని దారిలో ఫోన్ చేయకండి. మార్కెట్టులో బండి నిలిపినాక ఆయనే చేస్తాడు, అట్లా ముందే చెప్పి పంపండి. తోడు పోయేవాళ్ళుంటే ఫోన్ వాళ్ళ చేతికివ్వండి.

రాగి కోతలు మొదలైతే తారు రోడ్డే కళ్ళం అవుతుంది. బండ్లు తొక్కుతాయని కంకులు, హురుళి కట్టెలు పరిచి, అంచున రాళ్ళు పెట్టి పోతారు. మంచు పడిందంటే వాటి మీద చక్రం సబ్బు మీద కాలు పెట్టినట్టే. ఆ పని చేసేదీ మన ఊళ్ళవాళ్ళే కాబట్టి, చీకటి పడకముందే కంకులు ఎత్తేసి రాళ్ళు పక్కకు జరపమని మీ మీ ఊళ్ళల్లో చెప్పండి.