చెంబు కొందామా, పాల జగ్గు కొందామా?

కాలేజీ డేకి మ్యాజిక్ చేద్దామని ఉబలాటపడే తమ్ముళ్ళూ! జేబులో డబ్బు ఒక్క వస్తువుకే వస్తుంది. షాపువాడు ముందు పెట్టేవేమో రెండు: చెంబు, పాల జగ్గు. ఏది కొంటారు?

సినిమాలో అయితే చిక్కే లేదు. ఖాళీ చెంబు చూపించి, "కట్" అని, నీళ్ళు నింపి మళ్ళీ కెమెరా తిప్పితే సరి! తెర మీద ఇలాంటి గమ్మత్తులు చేసిన ఫ్రాన్సు దేశపు మెలియే మొదట స్టేజీ మెజీషియనే. 1888లో పారిస్‌లో మ్యాజిక్ థియేటరే కొనేశాడు. కానీ స్టేజీ మీద "కట్" చెప్పే నాథుడు లేడు. వస్తువే ఆదుకోవాలి.

పాల జగ్గు చూడ్డానికి అద్దంలా ఉంటుంది. వంచుతుంటే పాలు తగ్గిపోతాయి. కాగితం పొట్లంలో పోసినట్టే ఉంటుంది, పొట్లం విప్పితే చుక్క ఉండదు! నిజానికి పాలు జగ్గు లోపలి గొట్టంలోకే దిగుతాయి. చూడ ముచ్చటే గాని, రెండు ఇబ్బందులు. పాలలాగా చిక్కటి తెలుపు ఉండాలి, మంచినీళ్ళు పోస్తే గుట్టు రట్టు. పైగా, ఒక షోలో ఒక్కసారే పని చేస్తుంది.

ఇక చెంబు. మన పి.సి. సర్కార్ (1913-1971) "వాటర్ ఆఫ్ ఇండియా" పేరుతో దేశదేశాల్లో చూపించింది ఇదే. ఖాళీ చేసి పక్కన పెడతారు. ఇంకో ఐటమ్ అయ్యాక వంచితే మళ్ళీ నీళ్ళు! మొదటిసారి ఆశ్చర్యం, మూడోసారి నవ్వులు, అయిదోసారి ఈలలు. మన సినిమాల్లో కామెడీ ట్రాకు లాగన్నమాట.

కిటుకు గాలిదే. రెండు గోడల మధ్య నీళ్ళు దాగి ఉంటాయి. మెడ దగ్గర చిన్న బెజ్జం. దాన్ని వేలితో మూస్తే గాలి చొరదు, నీళ్ళు కదలవు. వదిలితే నెమ్మదిగా లోపలికి ఊరతాయి. ఊరడానికి టైము కావాలి గనక, మధ్యలో వేరే ఐటమ్ తప్పదు. పోసేకొద్దీ ధార తగ్గుతుంది గనక, బుల్లి చెంబు కొనకండి.

కొనేముందు షాపులోనే నీళ్ళు పోసి చూడండి. అతుకుల దగ్గర చెమ్మ కనిపిస్తే వద్దు. బెజ్జం మీ వేలికి తడుముకోకుండా అందాలి. నిండు చెంబుని ఒంటిచేత్తో ఎత్తి చూడండి. చెయ్యి వణికితే జనం చూపు చేతి మీదే పడుతుంది. ఇత్తడిదైతే షో అయ్యాక బోర్లించి ఆరబెట్టాలి, లేదంటే చిలుము పడుతుంది. ఆ నీళ్ళు ఎవరిచేతా తాగించకండి.

నీళ్ళు ఇనప బకెట్లో పొయ్యండి. ఆ చప్పుడు బాల్కనీ దాకా వినిపించాలి. మైకు వైర్లకి మాత్రం దూరం!

ఇంటి హాల్లో పదిమంది ముందైతే జగ్గు చాలు. నిండు సభకైతే నా ఓటు చెంబుకే. తళతళ చూసి కొన్నది అలమారలో మెరుస్తుంది. పోసి చూసి కొన్నది స్టేజీ మీద మెరుస్తుంది!