సామర్థ్యానికి హారం ఉంటుంది



స్టాఫ్ రూమ్‌లో టీ తాగుతూ ఒక సహోద్యోగి అన్నారు: "వీళ్లను ఎంపీసీలో చేర్చుకోవడమే తప్పు. సామర్థ్యం లేనివాళ్లకు అడ్వాన్స్‌డ్ లెక్కలెందుకు?" ఆ 'వీళ్లు' ఎవరో మీకు వేరే చెప్పాలా? నేను తెలుగు పాఠం చెప్పే మనిషిని. అందుకే ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను. సామర్థ్యం.

ఇంటర్ మొదటి సంవత్సరం భౌతికశాస్త్రంలో 'పని, శక్తి, సామర్థ్యం' అని ఒక పాఠం ఉంది. పుట్టుకతో వచ్చే సామర్థ్యం గురించి ఆ పాఠంలో ఒక్క ముక్క లేదు. అక్కడ సామర్థ్యం ఒక భిన్నం. పైన చేసిన పని, కింద పట్టిన కాలం.

లెక్క వేద్దాం. ఇద్దరు మనుషులు. మూటతో కలిపి ఒక్కొక్కరూ 80 కిలోలు. ఇద్దరూ 15 మీటర్ల ఎత్తుకు మెట్లెక్కారు. గురుత్వ త్వరణం 10 అనుకుంటే ఒక్కొక్కరు చేసిన పని 80×10×15, అంటే 12,000 జౌళ్లు. మొదటివాడికి 40 సెకన్లు పట్టింది, 300 వాట్లు. రెండోవాడికి 60 సెకన్లు, 200 వాట్లు. తీర్పు అయిపోయినట్టేనా? రెండోవాడి మెట్ల తలుపుకు తాళం ఉంది. అది తీసుకోవడానికే 20 సెకన్లు పోయాయి. ఎక్కడానికి వాడికీ 40 సెకన్లే పట్టింది. గడియారం మాత్రం ఆ తాళాన్ని కూడా వాడి ఖాతాలోనే రాసింది.

ఆ తాళం ఎలా ఉంటుందో నేను కళ్లారా చూశాను. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన అమ్మాయి, అమ్మానాన్నలు కూలీకి పోతారు. ఎంపీసీ వదిలేసి సీఈసీకి మారతానని నా దగ్గరికి వచ్చింది. ఎందుకమ్మా అంటే, "లైట్ స్ట్రింగ్ అంటే వెలుగొచ్చే తీగ అనుకున్న మేడమ్. క్లాసంత నవ్విన్రు" అంది.

ఆ లెక్కల్లో 'లైట్' అంటే దారం ద్రవ్యరాశిని వదిలేయమని. 'స్మూత్' అంటే ఘర్షణ లేదని. 'స్లోలీ' అంటే గతిజశక్తిని పట్టించుకోవద్దని. ఇంగ్లీషు వచ్చినవాడికి కూడా ఎవరో ఒకరు చెప్తేనే తెలిసే సంకేతాలివి. ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ కోచింగ్‌లో కూర్చున్నవాడికి అవి కంఠతా వచ్చు. ఈ పిల్లకు ఎవరు చెప్పారు?

నేను ఒక లెక్కను తెలుగులో చెప్పాను. ఘర్షణ లేని బల్ల మీద 3 మీటర్ల గొలుసు, 6 కిలోలు. అంచు నుంచి 1 మీటరు కిందికి వేలాడుతోంది. దాన్ని నెమ్మదిగా బల్ల మీదికి లాగడానికి ఎంత పని చేయాలి?

వేలాడే ముక్క 2 కిలోలు. ఆమె ముందు 2×10×1, 20 జౌళ్లు అని రాసింది. తర్వాత తనే కొట్టేసింది. "అన్ని లింకులు ఒక్క తీరు లేవవు కద మేడమ్. అంచు కాడిది లేవనే లేవదు. అట్టడుగుదే మొత్తం మీటరు లేవాలె." సగటున అర మీటరు. 2×10×0.5, జవాబు 10 జౌళ్లు. సరైన జవాబు అదే. అట్టడుగు లింకు ఎంత ఎత్తు లేవాలో ఆ పిల్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు వ్యవస్థ దగ్గరికి వద్దాం. జేఈఈ మెయిన్‌ను 2021 నుంచి తెలుగులోనూ రాయొచ్చు. అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లీషు, హిందీలలోనే. మెయిన్‌లో ఉన్న తెలుగు అడ్వాన్స్‌డ్ గుమ్మం దగ్గర ఎందుకు ఆగిపోయింది? రెండు పేపర్లు, ఒక్కోటి 3 గంటలు. ఆ 6 గంటల్లో మనసులో అనువదించుకోవడానికి పోయే ప్రతి నిమిషమూ హారంలో పడుతుంది. ర్యాంకు జారుతుంది. ఆ ర్యాంకునే చూపించి సామర్థ్యం లేదంటారు.

"ఇంగ్లీషు నేర్చుకోవచ్చుగా" అంటారు. ఇంగ్లీషు మీడియం కావాలని కొట్లాడిందే మనం, మాకు పాఠం చెప్పొద్దు. ఇంగ్లీషు మన హక్కు. కానీ గొలుసు లెక్క పరీక్షించాల్సింది భౌతికశాస్త్రాన్ని.

మనవాళ్లతో కూడా ఒక మాట. సైన్సు వాళ్లది, పాటా కవిత్వమూ మనవి అని మీటింగుల్లో అంటుంటారు. సాహిత్యంలో డాక్టరేట్ చేసిన మనిషిగా చెప్తున్నా, ఆ పంపకం నాకొద్దు. అది కూడా వాళ్లు గీసిన గీతే.

డిగ్రీ, పీజీ చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఆదివారం రెండు గంటలు దగ్గర్లోని హాస్టల్‌కు వెళ్లండి. లైట్, స్మూత్, స్లోలీ లాంటి మాటలన్నీ ఒక కాగితం మీద తెలుగు అర్థాలతో రాసివ్వండి. అడ్వాన్స్‌డ్ పేపర్ తెలుగులో కావాలన్న డిమాండ్‌ను ప్రతి విద్యార్థి సంఘం కరపత్రంలో చేర్చండి.

ఆ అమ్మాయి గ్రూపు మారలేదు. నిన్న ఇంకో లెక్క పట్టుకొచ్చింది. అది నాకే రాలేదు, ఆమే చెప్పింది.

ముందు తాళం తీయండి. గడియారం తర్వాత పట్టుకుందురు గాని.

జై భీమ్.